నేతగాళ్ళ పాట: నిజాల పడుగు, కల్పనల పేక

జానపద గేయానికి కర్త ఉండడని పెద్దలు అంటారు. దంపుళ్ళ పాట, ఏతం పాట, నాట్ల పాట, ఊయల పాట, వీటిలో దేనికీ చివరి చరణంలో సంతకం కనిపించదు. త్యాగరాజస్వామి కీర్తనకూ, క్షేత్రయ్య పదానికీ ముద్ర ఉంటుంది. జానపదానికి ఆ ముద్ర లేదు. అది నోటినుండి నోటికి, ఊరినుండి ఊరికి సాగుతూ, ప్రతి గొంతులోనూ కొంత చేర్చుకొని, కొంత జారవిడుచుకొంటూ జీవిస్తుంది. ఆ మార్పే దానికి ప్రాణం, అందం.

పాటకు అందాన్నిచ్చే ఈ గుణమే పాడినవారి చరిత్రలోకి ప్రవేశిస్తే మాత్రం చిక్కు తెచ్చిపెడుతుంది. ఫలానా బృందం ఎప్పుడు పుట్టింది, ఎవరు ఏ పాట కట్టారు, ఎందుకు విడిపోయారు అన్న సంగతులు కూడా నోటినుండి నోటికి మారుతూ పోతే, చివరకు మిగిలేది చరిత్ర కాదు, మరొక జానపద కథ. కథగా అది బాగానే ఉండవచ్చును. కాని ఆ కథవలన ఒకరి కష్టఫలం మరొకరి ఖాతాలో పడినప్పుడు, ఒకరి కూటికే ఎసరు వచ్చినప్పుడు, నిజానిజాలు తేల్చడం పండితుల కాలక్షేపంగా కాక న్యాయానికి సంబంధించిన విషయంగా మారుతుంది.

ఈ వ్యాస రచయిత వృత్తిరీత్యా ఇంజనీరు. యంత్రభాగం ఎంత నునుపుగా మెరిసినా, దాని కొలతల పత్రం చూడనిదే సంతకం చేయని విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసిన అలవాటు. ఆ అలవాటుతోనే, చిన్ననాటినుండి వింటూ వచ్చిన ఒక అమెరికన్ జానపద బృందం చరిత్రను పరిశీలించగా కనిపించిన విశేషాలను మన పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ బృందం పేరు 'ది వీవర్స్', అనగా నేతగాళ్ళు.

పేరు వెనుక ఉన్న చరిత్ర

పేరు వినగానే నాలుగు గొంతుల కలనేత అన్న భావం స్ఫురించడం సహజం. కాని పేరు వచ్చిన దారి వేరు. జర్మన్ నాటకకర్త గెర్హార్ట్ హౌప్ట్‌మన్ రచించగా 1892లో వెలువడిన ఒక నాటకం పేరు అది. 1844లో సైలీషియా ప్రాంతపు నేతపనివారు ఆకలికి తాళలేక తిరగబడిన ఘటన ఆ నాటకానికి ఇతివృత్తం. హౌప్ట్‌మన్‌కు 1912లో నోబెల్ బహుమతి లభించింది. మగ్గం మీద బ్రతుకు ఎంతటి కష్టమో పోచంపల్లి, చీరాల, వెంకటగిరి ఎరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పేరును ఎన్నుకోవడంలోనే ఆ యువకుల మనసు ఎటు మొగ్గినదో తెలుస్తుంది.

బృందం 1948లో న్యూయార్కు నగరంలో ఏర్పడింది. సభ్యులు నలుగురు. మంద్రస్వరంలో పాడే లీ హేస్, ఐదు తంతుల బాంజో వాయించే పీట్ సీగర్, గంభీరమైన స్త్రీకంఠం గల రోనీ గిల్బర్ట్, గిటారు వాద్యకారుడు ఫ్రెడ్ హెలర్‌మన్. వీరిలో హేస్, సీగర్‌లు 1941 నాటి 'అల్మనాక్ సింగర్స్' అనే బృందంలో వుడీ గుత్రీతో కలిసి కార్మిక సభలలో పాడినవారు. 1949 డిసెంబరులో 'విలేజ్ వాన్‌గార్డ్' అనే చిన్న రాత్రిశాలలో రెండు వారాల కోసం కుదిరిన కార్యక్రమం ఆరు నెలలు నడిచింది. అక్కడ వారి పాట విన్న వాద్యబృంద నిర్వాహకుడు గోర్డన్ జెంకిన్స్ వారిని డెక్కా రికార్డుల సంస్థకు పరిచయం చేశారు. 1950లో వెలువడిన ఒకే ఒక్క రికార్డు, దాని రెండు ముఖాలలోని రెండు పాటలతో, దేశమంతటా మారుమ్రోగింది.

ఇంతవరకు తగవు లేదు. ఆ రెండు పాటలు ఎవరివి అన్న ప్రశ్నతో అసలు తనిఖీ మొదలవుతుంది.

కొలబద్ద ఏది?

పరిశీలనకు ముందు కొలబద్ద సరిచూసుకోవడం మన వృత్తిధర్మం. చరిత్రకు సంబంధించిన ఆధారాలను మూడు తరగతులుగా విభజించుకొంటే పని సులువు అవుతుంది. సంఘటన జరిగిన నాడే వ్రాసిపెట్టిన పత్రం మొదటి తరగతికి చెందుతుంది. రికార్డు కంపెనీ పట్టిక, న్యాయస్థానం తీర్పు, జనాభా లెక్కల పుస్తకం ఇటువంటివి. ప్లాంటులో షిఫ్టు లాగ్ బుక్ ఎటువంటిదో ఇవి అటువంటివి. సంఘటనలో పాల్గొన్న మనిషి తరువాతి కాలంలో చెప్పిన జ్ఞాపకం రెండవ తరగతి. అది విలువైనదే కాని, కొలత పరికరం పాతబడినకొద్దీ ముల్లు పక్కకు జరిగినట్లు జ్ఞాపకమూ జరుగుతుంది. ఇక మూడవది, 'అలా అంటారు' అనే మాట. రికార్డు అట్ట వెనుక వ్యాఖ్య, సభలో పరిచయ వాక్యం, వార్షికోత్సవ సంచికలోని పొగడ్త ఈ తరగతిలోకి వస్తాయి.

చిత్రమేమంటే, లోకంలో ఎక్కువగా తిరిగేది మూడవ తరగతి సరుకే. అయితే మొదటి తరగతి పత్రం కూడా అబద్ధం చెప్పగలదని వీవర్స్ చరిత్ర మనకు నేర్పుతుంది.

ఐరీన్ పాట, రెండు కారాగారాలు

ఆ రికార్డులో ఒకవైపు ఉన్న 'గుడ్‌నైట్ ఐరీన్' 1950లో బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల పట్టికలో 13 వారాలు ప్రథమస్థానంలో నిలిచింది. ఆ పాటను వీవర్స్‌కు అందించినవాడు హడ్డీ లెడ్‌బెటర్, 'లెడ్ బెల్లీ' అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన నల్లజాతి గాయకుడు. పన్నెండు తంతుల గిటారుతో పాడే ఆయన 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. తన పాట దేశమంతా పాడుకొనే వేళకు ఆయన లేరు.

ఆయన పుట్టిన సంవత్సరమే తనిఖీకి మంచి ఉదాహరణ. 1900 నాటి జనాభా లెక్కలలో చెప్పిన వయసును బట్టి ఆయన 1888లో పుట్టినట్లు. 1942 నాటి సైనిక నమోదు పత్రంలో 1889 అని ఉంది. రెండూ ప్రభుత్వ పత్రాలే. ఇటువంటప్పుడు బాల్యంలో, సంఘటనకు దగ్గరగా నమోదైన పత్రానికి కొంత మొగ్గు చూపుతూ, రెండింటినీ పేర్కొనడమే నిజాయితీ.

లెడ్ బెల్లీ గురించి అందరూ చెప్పుకొనే కథ ఒకటుంది. పాట పాడి, గవర్నరు మనసు కరిగించి, రెండుసార్లు చెరసాలనుండి విడుదల పొందాడని. ఇందులో సగం నిజం. టెక్సాస్ కారాగారంలో ఆయన పాట విన్న గవర్నరు పాట్ నెఫ్ 1925లో క్షమాభిక్ష ప్రసాదించారు. రెండవది వేరు. 1933లో జానపద సేకర్తలు జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు అలన్ లోమాక్స్ లూసియానా రాష్ట్రంలోని అంగోలా కారాగారానికి వెళ్ళి లెడ్ బెల్లీ పాటలను ముద్రించుకొన్నారు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన విన్నపపు పాటను కూడా ముద్రించి గవర్నరు కార్యాలయానికి అందజేశారు. 1934 ఆగస్టులో లెడ్ బెల్లీ విడుదలయ్యారు. పాటకూ విడుదలకూ ముడిపెట్టడానికి ఇంతకంటె ఏమి కావాలి? కాని సత్ప్రవర్తన కారణంగా నిబంధనల మేరకు లభించే శిక్ష తగ్గింపు వలననే ఆయనను విడిచిపెట్టినట్లు కారాగార అధికారులే తరువాత స్పష్టం చేశారు. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాజాలదని యంత్రాల వైఫల్యాలు విచారించే ప్రతి ఇంజనీరుకూ తెలిసిన సంగతే.

ఇక పాట సంగతి. అది కర్త లేని జానపదమని, లెడ్ బెల్లీ స్వయంగా కట్టినదని రెండు మాటలు చలామణిలో ఉన్నాయి. లెడ్ బెల్లీ దానిని తన తండ్రి వైపు బంధువులనుండి నేర్చుకొన్నానని చెప్పేవారు. అంతకు ముందే, 1886లో, గస్సీ డేవిస్ అనే నల్లజాతి గేయకర్త దాదాపు అదే పేరుతో ఒక పాటను అచ్చువేయించారు. అంటే అచ్చులో పుట్టిన పాట జనంలోకి వెళ్ళి, జానపదమై, చెరసాలలో మళ్ళీ దొరికి, నాలుగు గొంతులలో నగరానికి చేరింది. డేవిస్ పేరు మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది.

లేని మనిషి సంతకం

రికార్డు రెండవ ముఖాన ఉన్న పాట 'జెనా జెనా జెనా'. హీబ్రూ భాషలోని ఈ హుషారైన పాటకు స్వరకర్తగా 'స్పెన్సర్ రాస్' అనే పేరును ప్రచురణకర్తలు చూపారు. తగాదా న్యాయస్థానానికి వెళ్ళాక తేలినదేమంటే, స్పెన్సర్ రాస్ అనే స్వరకర్త లోకంలోనే లేడు! ఆ బాణీ 1941లో ఇసాకర్ మిరోన్ కట్టినది. పోలెండులో పుట్టి పాలస్తీనాకు వలస వెళ్ళిన మిరోన్ హక్కును 1954లో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానం గుర్తించింది. కర్త లేని పాట అనుకొన్నదానికి కర్త దొరికాడు. కర్తగా వ్రాసినవాడు కల్పన అయ్యాడు.

మొదటి తరగతి పత్రం అబద్ధం చెప్పగలదని ముందు చెప్పినది ఇందుకే. వీవర్స్ పాటలలో 'పాల్ కాంబెల్' అనే పేరు కూడా తరచుగా కనిపిస్తుంది. అదీ మనిషి కాదు. పాత బాణీలను సవరించి పాడినప్పుడు రావలసిన ప్రతిఫలం కోసం బృంద సభ్యులు ఉమ్మడిగా పెట్టుకొన్న మారుపేరు. వ్యాపార రీత్యా అది అప్పటి ఆచారం. కాని ఆ పేరు పడిన ప్రతి పాటా నిజంగా కర్త లేనిదేనా అని ఎవరూ అడగకపోవడం వలన ఎంతటి అన్యాయం జరిగిందో తరువాతి కథ చెబుతుంది.

సింహం పాట, సొలొమన్ లిండా

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నగరం. 1939లో గాలో రికార్డుల సంస్థలో పాటల రికార్డులను పెట్టెలలో సర్దే ఉద్యోగి సొలొమన్ లిండా. జూలూ తెగకు చెందిన ఆయన తన 'ఒరిజినల్ ఈవెనింగ్ బర్డ్స్' బృందంతో 'ఎంబూబే' అనే పాట పాడారు. జూలూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. మూడవసారి పాడినప్పుడు, చివరలో ఆయన అప్పటికప్పుడు ఆశువుగా అందుకొన్న రాగఖండమే తరువాత ప్రపంచమంతా మోసుకొని తిరిగిన బాణీ. ఆ పాట హక్కులకు లిండాకు ముట్టినది 10 షిల్లింగులు.

సుమారు పదేళ్ళ తరువాత ఆ రికార్డు అలన్ లోమాక్స్ ద్వారా పీట్ సీగర్ చేతికి వచ్చింది. 'నీవు సింహానివి' అన్న అర్థమిచ్చే 'ఉయింబూబే' అనే పల్లవి పదం ఆయన చెవికి 'విమోవే' అని వినిపించింది. అలాగే వ్రాసుకొన్నారు, అలాగే వీవర్స్ పాడారు. 1952లో ఆ పాట అమెరికాలో ప్రజాదరణ పొందింది. కర్త స్థానంలో పాల్ కాంబెల్ పేరు పడింది. 1961లో 'ది టోకెన్స్' అనే బృందం ఆ బాణీని ఆంగ్ల సాహిత్యంతో 'ది లయన్ స్లీప్స్ టునైట్' పేరుతో పాడగా అది పట్టికలో ప్రథమస్థానానికి చేరింది. 1962లో లిండా పేదరికంలోనే మరణించారు. 1994లో వచ్చిన 'ది లయన్ కింగ్' చిత్రంలోనూ ఆ పాట వినిపిస్తుంది. మన పిల్లలలో చాలామంది దానిని అక్కడే విని ఉంటారు.

ఇక్కడ సీగర్ పట్ల న్యాయంగా ఉండాలి. అది సంప్రదాయ గేయమన్న నమ్మకంతోనే ఆయన పాడారు. లిండా పేరు తెలిసిన తరువాత ఆయనకు వెయ్యి డాలర్లు పంపించారు, గేయకర్త వాటా లిండాకు చెందాలని ప్రచురణకర్తలకు చెప్పారు. అయితే చెప్పడంతో పని జరగదు. జరిగినదో లేదో మళ్ళీ చూడాలి. ఆ రెండవ తనిఖీ జరగనందువలన దశాబ్దాలపాటు లిండా కుటుంబానికి చేరినది స్వల్పమే. దక్షిణాఫ్రికా పాత్రికేయుడు రియాన్ మలాన్ 2000 సంవత్సరంలో రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ చరిత్రనంతా బయటపెట్టారు. ఒప్పందాలు, రికార్డులు, చెల్లింపులు ఒక్కొక్కటే వెదకి పేర్చిన ఆ పరిశోధనను ఆధారం చేసుకొని లిండా కుమార్తెలు న్యాయపోరాటానికి దిగారు. కర్త మరణించిన 25 ఏళ్ళకు హక్కులు వారసులకు తిరిగి రావాలన్న 1911 నాటి బ్రిటిష్ చట్టపు నిబంధన వారికి ఆయుధమైంది. 2006లో రాజీ కుదిరింది. పాత వసూళ్ళలో వాటా, భవిష్యత్తులో రాబడి, సహకర్తగా లిండా పేరు వారికి దక్కాయి.

ఒక పాట వెనుక ఉన్న చిన్న వాస్తవాన్ని సరిచూడకపోవడానికి ఒక కుటుంబం చెల్లించిన మూల్యం అది.

అబద్ధ సాక్ష్యం

ఇంతవరకు వీవర్స్ ఇతరుల చరిత్రను సరిచూడకపోవడం వలన కలిగిన నష్టాన్ని చూశాము. వారి చరిత్రను ఇతరులు సరిచూడకపోవడం వలన వారికి కలిగిన నష్టం మరొకటి ఉంది.

1950 జూన్ నాటికి అమెరికాలో కమ్యూనిస్టు భయం పరాకాష్ఠకు చేరింది. 'రెడ్ ఛానల్స్' అనే చిన్న పుస్తకం ఆ నెలలో వెలువడింది. రేడియో, టెలివిజన్ రంగాలలో పనిచేసే 151 మంది పేర్లను అది అనుమానితులుగా ప్రకటించింది. వారిలో పీట్ సీగర్ ఒకరు. అక్కడినుండి వీవర్స్‌కు తలుపులు ఒకటొకటిగా మూసుకొన్నాయి. 1952 ఫిబ్రవరిలో హార్వీ మాటుసో అనే వ్యక్తి ప్రతినిధుల సభ విచారణ సంఘం ఎదుట, నలుగురిలో ముగ్గురు కమ్యూనిస్టు పార్టీ సభ్యులని ప్రమాణం చేసి చెప్పాడు. హోటళ్ళు కార్యక్రమాలు రద్దు చేశాయి, రేడియో వారి పాటలు ఆపివేసింది. పట్టికల శిఖరాన నిలిచిన బృందం రెండేళ్ళు తిరగకుండానే పాడటానికి చోటు లేక విడిపోయింది.

మాటుసో 1955లో 'ఫాల్స్ విట్‌నెస్' అనే పుస్తకం వ్రాసి, తాను డబ్బుకోసం, పేరుకోసం పలువురిపై అబద్ధ సాక్ష్యాలు చెప్పానని ఒప్పుకొన్నాడు. తరువాత జైలుకు వెళ్ళాడు. 'వీవర్స్ మీద అబద్ధం చెప్పినందుకు అతనికి శిక్ష పడింది' అని చాలాచోట్ల వ్రాస్తారు. కథకు చక్కని ముగింపే. కాని సరికాదు. తనచేత అబద్ధం చెప్పించినది ఒక ప్రభుత్వ న్యాయవాది అని ప్రమాణపూర్వకంగా ఆరోపించినందుకు, ఆ ఆరోపణ అబద్ధమని నిర్ధారించి అతనికి శిక్ష విధించారు. అబద్ధాలు చెప్పినన్నాళ్ళు స్వేచ్ఛగా తిరిగినవాడు, అబద్ధం చెప్పానని ఒప్పుకొన్నాక చెరసాల పాలయ్యాడు. నిజం ఇక్కడ కథకంటె చేదుగా ఉంది.

మరొక వైపు కూడా చూడాలి. బృందాన్ని అభిమానించేవారు 'ఆ ఆరోపణలన్నీ పూర్తిగా కల్పితం' అంటారు. సీగర్ తాను ఒకప్పుడు పార్టీ సభ్యుణ్ణేనని, 1940 దశకం చివరికి దానినుండి బయటకు వచ్చానని తరువాతి కాలంలో స్వయంగా చెప్పారు. కనుక అభిమానుల మాట కూడా తనిఖీలో నిలవదు. అసలు ప్రశ్న ఆయన సభ్యుడా కాదా అన్నది కాదు. ఒక పౌరుని రాజకీయాభిప్రాయం కారణంగా అతని పాటను, అతని తిండిని అడ్డుకొనవచ్చునా అన్నది. 1955 ఆగస్టులో విచారణ సంఘం ఎదుట సీగర్ ఈ ప్రశ్ననే నిలిపారు. స్వీయ నేరారోపణనుండి రక్షణనిచ్చే ఐదవ రాజ్యాంగ సవరణను ఆశ్రయించి మౌనంగా ఉండే వీలున్నా, ఆ దారి తొక్కక, తన విశ్వాసాలను గురించి అడిగే అధికారమే ఎవరికీ లేదని అన్నారు. 1961లో ఆయనకు ఏడాది కారాగార శిక్ష విధించగా, 1962 మే నెలలో అప్పీలు న్యాయస్థానం దానిని కొట్టివేసింది. అదే 1962 జనవరిలో వీవర్స్ ఒక టెలివిజన్ కార్యక్రమానికి వెళ్ళగా, విధేయతా ప్రమాణపత్రంపై సంతకం చేయమన్నారు. బృందం నిరాకరించింది. ప్రసారం జరగలేదు.

కలయికలు, విడిపోవడాలు

బృందం కథలో తేదీల గందరగోళం ఎక్కువగా కనిపించేది ఇక్కడ. 'వీవర్స్ 1948 నుండి 1964 వరకు పాడారు' అన్న వాక్యం తప్పు కాదు, ఒప్పూ కాదు. నడుమ ఉన్న ఖాళీని అది కప్పివేస్తుంది. మూడేళ్ళ మౌనం తరువాత 1955 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రాత్రి, న్యూయార్కు కార్నెగీ హాలులో నలుగురూ మళ్ళీ కలిసి పాడారు. హాలు క్రిక్కిరిసింది. వాన్‌గార్డ్ సంస్థ ఆ సభను రికార్డుగా వెలువరించింది.

1958లో సీగర్ బృందాన్ని విడిచారు. సిగరెట్ల ప్రకటనకు పాడాలన్న నిర్ణయం మిగిలిన ముగ్గురిది. అది ఆయనకు నచ్చలేదు. దీనిని పెద్ద కలహంగా చిత్రించినవారున్నారు. కాని తన స్థానంలోకి ఎరిక్ డార్లింగ్‌ను సూచించినది సీగరే. తరువాత ఫ్రాంక్ హామిల్టన్, బెర్నీ క్రాస్ వరుసగా ఆ స్థానంలో పాడారు. 1963లో కార్నెగీ హాలులో ఏడుగురూ ఒకే వేదికపై కనిపించారు. 1964లో బృందం ముగిసింది. 1980 నవంబరులో తొలి నలుగురూ చివరిసారిగా అక్కడే పెద్ద సభలో పాడారు. మధుమేహం వలన రెండు కాళ్ళూ కోల్పోయిన లీ హేస్ చక్రాల కుర్చీలో వచ్చారు. మరుసటి ఏడు ఆగస్టులో ఆయన పరమపదించారు. సీగర్ 2014లో, గిల్బర్ట్ 2015లో, హెలర్‌మన్ 2016లో కన్నుమూశారు. ఇప్పుడు ఆ నలుగురిలో ఎవరినీ అడిగి తెలుసుకొనే అవకాశం లేదు. మిగిలినవి పత్రాలే.

మన బడి పిల్లల పాట

ఈ చరిత్ర పాయ ఒకటి మన ఇంటిదాకా వస్తుంది. మన పాఠశాలలలో ఆగస్టు 15న, జనవరి 26న పిల్లలు పాడే 'హమ్ హోంగే కామ్యాబ్' హిందీ కవి గిరిజాకుమార్ మాథుర్ అనువాదం. మూలం 'వియ్ షల్ ఓవర్‌కమ్'. దానిని పీట్ సీగర్ రచించాడని ఎన్నో వేదికలపై చెబుతుంటారు. సీగర్ ఎన్నడూ ఆ మాట అనలేదు.

ఆ పాట వేళ్ళు నల్లజాతివారి ప్రార్థనాలయాలలో ఉన్నాయి. 1945–46లో దక్షిణ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్‌లో పొగాకు కర్మాగారపు కార్మికులు, ముఖ్యంగా నల్లజాతి స్త్రీలు, సమ్మె శిబిరంలో దానిని పాడారు. వారినుండి హైలాండర్ జానపద పాఠశాలలో పనిచేసే జిల్ఫియా హోర్టన్ నేర్చుకొన్నారు. ఆమెనుండి 1947లో సీగర్ నేర్చుకొన్నారు. 1960 ప్రాంతంలో గై కారవాన్ దానిని పౌరహక్కుల ఉద్యమంలోని విద్యార్థులకు అందించారు. ఆ తరువాత హోర్టన్, కారవాన్, సీగర్, వీవర్స్ సభ్యుడైన ఫ్రాంక్ హామిల్టన్ ఈ నలుగురి పేర హక్కులు నమోదై, రాబడి ఉద్యమ నిధికి చేరుతూ వచ్చింది. ఉద్దేశం మంచిదే. అయినా ఆ నమోదును కొందరు సవాలు చేయగా, 2017లో న్యాయస్థానం ప్రధాన చరణానికి రక్షణ చెల్లదని తీర్పు చెప్పింది. 2018 జనవరిలో రాజీ కుదిరి, ఆ పాట ప్రజల సొత్తు అయింది.

రెండు ఉదంతాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఎంబూబే విషయంలో కర్త ఉన్న పాటను కర్త లేనిదన్నారు. ఇక్కడ జనం పాటకు కర్తలను చూపారు. పొరపాటు ఎటువైపునుండి అయినా రావచ్చును. కొలిస్తేనే తెలుస్తుంది.

మరి మనం?

1963–64లో కుటుంబంతో ప్రపంచయాత్ర చేసినప్పుడు, మళ్ళీ 1996లోనూ సీగర్ భారతదేశానికి వచ్చారు. 'రఘుపతి రాఘవ' భజనను ఆయన తన బాంజోతో పాడేవారు. కాని ఈ వ్యాసం ఆయనను పొగడడానికి కాదు. మన టౌన్‌షిప్‌లలో బుర్రకథ దళాలున్నాయి, కోలాట బృందాలున్నాయి, తప్పెటగుళ్ళు, ఒగ్గుకథ, చెక్కభజన తెలిసిన కార్మిక సోదరులున్నారు. రజతోత్సవాలకు, సావనీర్లకు వారి చరిత్ర వ్రాసే బాధ్యత మనలోనే ఎవరో ఒకరిపై పడుతుంది. అప్పుడు పాటించదగిన నియమాలు కొన్ని.

1. పెద్దలు జీవించి ఉండగానే వెళ్ళి అడగాలి. మాటలను ధ్వనిముద్రణ చేసి, తేదీ, చోటు, చెప్పినవారి పేరు నమోదు చేయాలి.

2. జ్ఞాపకాన్ని కాగితంతో సరిపోల్చాలి. పాత కరపత్రం, ఫోటో వెనుక వ్రాత, క్లబ్బు జమాఖర్చుల పుస్తకం, ఆకాశవాణి ఒప్పంద పత్రం, ఏదీ చిన్నది కాదు.

3. 'సంప్రదాయం' అన్న ముద్ర వేసేముందు 'ఇది ఎవరి దగ్గర నేర్చుకొన్నారు?' అని అడగాలి. ఆ జవాబులో మరొక పేరు వస్తే, అక్కడికీ వెళ్ళాలి. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కర్త జీవించినంత కాలమూ, మరణించాక 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. కాలనీ వేదికపై మనం పాడే పాట ఒక పల్లెటూరి గేయకర్త వారసులకు చెందినది కావచ్చును.

4. రెండు కథనాలు పొసగకపోతే రెండూ వ్రాయాలి. బాగున్నదానిని ఉంచి, బాగులేనిదానిని కొట్టివేయరాదు.

5. ఒకరిపై నింద ఉన్నప్పుడు చెప్పినవాడికి అందులో లాభమేమిటో ముందు చూడాలి. పొగడ్త విషయంలోనూ అంతే.

6. తప్పు తేలాక సరిదిద్దడంతో ఆగకుండా, ఆ దిద్దుబాటు అమలైనదో లేదో మళ్ళీ ఒకసారి చూడాలి. లిండా కుటుంబానికి కావలసి ఉండి దొరకనిది ఈ ఆఖరి తనిఖీయే.

ఈ పనికి సంగీతజ్ఞానం అంతగా అవసరం లేదు. మన ప్లాంటులో ప్రతి షిఫ్టులోనూ చేసే పనే ఇది. చూసినది వ్రాయడం, చూడనిది వ్రాయకపోవడం, వ్రాసినదాని క్రింద తేదీ వేయడం. వచ్చే వార్షికోత్సవానికి మన బుర్రకథ దళం చరిత్ర వ్రాయబోయే మిత్రులు, ముందుగా దళంలోని అందరికంటె పెద్దాయన ఇంటికి ఒక ఆదివారం వెళ్ళి కూర్చోవలసిందిగా మనవి. రాగి అందెలు ఎవరు చేయించారు, గుమ్మెట మొదట ఎవరు వాయించారు, ఫలానా దరువు ఏ ఊరినుండి వచ్చింది అని అడగండి. ఆయన చెప్పే పేర్లలో ఒక్కటైనా ఇంతవరకు ఏ సంచికలోనూ అచ్చు కానిదై ఉంటుంది.